నీడ కోసం ఆగిన సిఫునా

సిఫునా చెప్పినదాంట్లో సగం తీసెయ్యాలి, మిగిలినదాంట్లో మళ్ళీ సగం తీసెయ్యాలి, ఆ కాస్తా కూడా పక్కవాణ్ణి అడిగి గానీ నమ్మకూడదు అనేవాడు మకోఖా. అంత మాట అనడం మకోఖాకే చెల్లింది. ఇద్దరికీ ఒకే ఆగస్టులో సున్తీ అయింది, అంటే వాళ్ళ తెగలో అన్నదమ్ముల లెక్క, ఒకే చక్కెర మిల్లులో పని, ఇద్దరికీ కలిపి ఒకటే సైకిలు. అలాంటి జతగాడు నలుగురిలో నిలబెట్టి తిట్టినా నవ్వి ఊరుకోవాల్సిందే. ఈ ఏడాది వానలు మొదలైన రోజుల్లో మకోఖా జ్వరం తగిలి పోయాడు. దాంతో సిఫునా నోటికి కళ్ళెం వేసేవాడు లేకుండా పోయాడు.

మకోఖా భార్య నలియాకాది మిల్లు గేటుకి ఎదురుగా టీ బడ్డీ. మొగుణ్ణి మట్టి చేసిన వారం తిరక్కుండానే వచ్చి మళ్ళీ పొయ్యి వెలిగించింది, వెలిగించక ఏం చేస్తుంది. నవ్వడం మానేసింది గానీ టీలో పాలు తగ్గించలేదు, నూనెలో వేయించే మందాజీల సైజూ తగ్గించలేదు.

ఆ పొద్దున ముసురు పట్టింది. మిల్లు పొగ పైకి పోలేక బడ్డీ రేకుల మీదే కమ్ముకుంది. బెల్లం మాడిన వాసన, చెరుకు లారీలు తొక్కిన బురద, తడి బొగ్గులు రాజుకోక నలియాకా కళ్ళల్లో నీళ్ళు. మిల్లు కూత కూసి చాలాసేపయింది, పెద్ద గేటు వేసేశారు. బల్ల మీద, లారీ వస్తే గానీ పని లేని లోడింగు కూలీ ముసలి సితుమా, రాత్రి షిఫ్టు దిగి ఇంటికి పోబుద్ధికాని ఇద్దరు కుర్రాళ్ళు. గేటు దగ్గర హాజరు చూసే కుండు గొడుగు మూసి పక్కన పెట్టుకుని, అప్పుడే నలియాకా చేతిలోంచి టీ గ్లాసు అందుకున్నాడు.

సరిగ్గా అప్పుడు రోడ్డు మీద పరుగు చప్పుడు వినిపించింది. సిఫునా. మోకాళ్ళ దాకా బురద, ఒంటికి అంటుకుపోయిన చొక్కా, ఒక చెప్పు కాలికి, తెగిన రెండోది చేతిలో. సైకిలు లేదు.

"మళ్ళీనా?" అన్నాడు కుండు. ఆయన మంచివాడే, మంచివాళ్ళు విసుక్కున్నట్టే విసుక్కున్నాడు. "వారం మొదలై మూడు రోజులు, మూడుసార్లూ ఆలస్యమే సిఫునా. లోపల సూపర్‌వైజరు నీ పేరు కొట్టెయ్యమన్నాడు. నేనీ టీ తాగడం అయ్యేలోపు ఒక కారణం చెప్పు. లోపలికి పోయి తల దించుకోకుండా చెప్పగలిగే కారణం కావాలి నాకు. లేదా నీ దారి నువ్వు చూసుకో."

పేరు కొట్టేస్తే వచ్చే చెరుకు సీజను దాకా గేటులో అడుగు పెట్టనివ్వరు. ఇంట్లో పెళ్ళాం, మంచం పట్టిన తల్లి. అదంతా తెలిసిన మనిషి గనక నలియాకా గబగబా ఒక గ్లాసు టీ పోసి సిఫునా చేతిలో పెట్టింది, గొంతు తడుపుకుని ఏదో ఒకటి చిన్నగా చెప్పి బయటపడతాడని. సిఫునా చిన్నగా చెప్పడమా! వాడికి బల్ల కనిపించింది, బల్ల మీద మనుషులు కనిపించారు.

"కారణమా కుండు గారూ? కారణాలకేం కొదవ!" అంటూ సితుమాని జరిపి కూర్చున్నాడు.

"ముందు సైకిలేదిరా?" అన్నాడు సితుమా.

ఆ సైకిలు సంగతి గేటు దగ్గర తెలియనివాళ్ళు లేరు. సిఫునా, మకోఖా ఊరి నుంచి మిల్లు దాకా దారిని మూడు ముక్కలు చేసుకున్నారు. మొదటి ముక్క సిఫునా తొక్కి, మిషన్ బడి మలుపులో నీలగిరి చెట్టుకి సైకిలు ఆనించి, అక్కణ్ణించి పరుగు అందుకునేవాడు. వెనకాల పరిగెత్తుకుంటూ వచ్చే మకోఖా దాన్ని తీసుకుని రెండో ముక్క తొక్కేవాడు, మధ్యలో సిఫునాని దాటిపోతూ ఒక బూతు విసిరేవాడు, వాగు వంతెన దగ్గర సైకిలు వదిలేసి మళ్ళీ పరుగు. సిఫునా వంతెన చేరి, సైకిలెక్కి, చివరి ముక్క తొక్కేవాడు. కాస్త అటూ ఇటూగా ఇద్దరూ కూతకి ముందే గేటు దగ్గరుండేవాళ్ళు. సైకిలు రోడ్డు పక్కన ఒంటరిగా ఉన్నా ముట్టుకునే మొనగాడు లేడు, దాని కోసం ఎవరొస్తున్నారో చుట్టుపక్కల అందరికీ తెలుసు. మకోఖా పోయాక ఆయన సగం కూడా నువ్వే ఉంచుకో అని నలియాకా చెప్పేసింది. అంటే ఇప్పుడు సిఫునా ఊరి నుంచి గేటు దాకా దర్జాగా కూర్చుని రావాలి. అలాంటిది మనిషి రోజూ రొప్పుకుంటూ, అదీ ఆలస్యంగా, పరిగెత్తుకుంటూ వస్తున్నాడు.

"అదే చెప్పబోతున్నా పెద్దాయనా, చెప్పనిస్తేగా," అన్నాడు సిఫునా. "తెల్లారీ తెల్లారకముందే బయల్దేరాను, కావాలంటే మా ఆవిణ్ణి అడగండి. మిషన్ బడి మలుపుకి వచ్చేసరికి ఆసుపత్రి నర్సమ్మ రోడ్డు మధ్యలో నిలబడి చేతులు పిసుక్కుంటోంది. ఏమ్మా అంటే కాన్పు కేసు సిఫునా, బిడ్డ అడ్డం తిరిగింది, పోవడానికి బండి లేదు అంది. నా మనసు సంగతి మీకు తెలుసుగా, వెన్నపూస. తీసుకో తల్లీ అని సైకిలు ఆవిడ చేతిలో పెట్టి, నేను కాళ్ళకి పని చెప్పాను. అంతే. అందుకే ఈ కాస్త ఆలస్యం."

కుండు మొహం తేటపడింది. "కాన్పు కేసు. ఇది బావుంది, చెప్పుకోదగ్గ మాటే. లేచి పద."

నలియాకా ఊపిరి పీల్చుకుంది. సిఫునా సగం లేచాడు కూడా.

"నర్సమ్మా?" అన్నాడు సితుమా, మందాజీ నములుతూ. "ఇందాకే మతాతు వ్యాన్లో ముందు సీట్లో కూర్చుని పోయిందిగా. మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి తాతా అని నన్ను అడిగి మరీ పోయింది."

ఈ ముసలాడి నోరు పడిపోను అనుకుంది నలియాకా. సిఫునా మళ్ళీ కూర్చున్నాడు. తడబడ్డాడా అంటే అదేం లేదు, ఇంకాస్త పొంగాడు.

"పోయింది! పోదా మరి! అసలు కథ మొదలైందే అక్కడ. నర్సమ్మ నా సైకిలెక్కి నాలుగు బారలు పోయిందో లేదో, వెనక నుంచి మతాతు వచ్చింది. ఆవిడ సైకిల్ని దాని నెత్తికెక్కించి తను లోపల కూర్చుంది. నా సైకిలు నా కళ్ళ ముందు పోతుంటే నేను చూస్తూ ఊరుకునే రకమా? వెంటపడ్డాను. ముందు దాని పొగలో ఉన్నాను, తర్వాత దాని పక్కన ఉన్నాను, ఆ తర్వాత డ్రైవరుతో మాట్లాడుకుంటూ పోతున్నాను. ఏం డ్రైవరూ, పిల్లలంతా బావున్నారా అంటే వాడికి నోట మాట రాలేదు. కండక్టరు తలుపులోంచి వేలాడుతూ దండం పెట్టాడు, అన్నా ఎక్కన్నా, ఊరికే ఎక్కు, నువ్విలా పక్కన పరిగెడుతుంటే లోపలివాళ్ళు మమ్మల్ని దింపెయ్, మేమూ ఇతని వెంట పోతాం అంటున్నారు, నా పొట్ట కొట్టకన్నా అని. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఎక్కావు," అన్నాడు రాత్రి షిఫ్టు కుర్రాళ్ళలో ఒకడు.

"నేనా! నీలాంటివాడైతే ఎక్కేవాడు. నేను దాటేశాను. గుట్ట ఎక్కి, దిగుడులోకి వచ్చానా, ఎదర చెరుకు ట్రాక్టరు. వెనకాల నాలుగు ట్రెయిలర్లు, నాలుగింటి నిండా చెరుకు, బ్రేకులు లేవు. కింద బడి పిల్లలు రోడ్డు దాటుతున్నారు. ట్రాక్టరు డ్రైవరు కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటున్నాడు. నేను మూసుకోలేదు. చిట్టచివరి ట్రెయిలరు గొలుసు ఎడం చేత్తో పట్టుకుని, మడమలు రోడ్డులోకి తన్నిపెట్టాను."

"కుడిచెయ్యి ఏం చేస్తోందిరా?" అన్నాడు సితుమా.

"పిల్లల్ని పక్కకి పొమ్మని ఊపుతోంది, ఇంకేం చేస్తుంది! రోడ్డు చీలింది పెద్దాయనా. రెండు చాళ్ళు, నాగలి పెట్టినట్టు. కావాలంటే పోయి చూసుకోండి, ఇప్పుడు వాననీళ్ళు వాటిలోంచే పోతున్నాయి. కౌంటీ ఆఫీసు వాళ్ళు ఇన్నేళ్ళు తవ్వని కాలవ నేను ఒక్క పొద్దున తవ్వాను. చెప్పు అక్కడే తెగింది." తెగిన చెప్పు పైకెత్తి అందరికీ చూపించాడు.

కుర్రాళ్ళు పడీపడీ నవ్వారు. సితుమా దగ్గొచ్చేలా నవ్వాడు. కుండుకి కూడా నవ్వొచ్చింది, అయినా బిగబట్టి గ్లాసులోకి చూసుకున్నాడు. సగానికి పైగా అయిపోయింది.

"సిఫునా, నేనడిగిందేమిటి, నువ్వు చెబుతున్నదేమిటి? సైకిలు ఎక్కడుంది? అది చెప్పు. పంక్చరైందా, ఎవడైనా ఎత్తుకుపోయాడా? ఏదైనా ఒక్క మాట."

"పంక్చరైందని చెప్పెయ్ మరిదీ," అంది నలియాకా, గిన్నె కడుగుతున్నట్టు వంగి, వాడికి మాత్రమే వినిపించేలా.

సిఫునా ఆమె వైపు చూడలేదు. ఈ మధ్య అసలు చూడడం లేదు. టీ తాగుతాడు, ఆదివారం కట్టెలు కొట్టి ఇంటి ముందు పడేసి పోతాడు, కళ్ళు మాత్రం కలపడు.

సైకిలు ఎక్కడుందో నలియాకాకి తెలుసు. పొద్దున మందాజీల బేసిను ఒళ్ళో పెట్టుకుని బోడా మోటారు బండి వెనక కూర్చుని వస్తూ కళ్ళారా చూసింది. మిషన్ బడి మలుపులో, నీలగిరి చెట్టుకి ఆనించి, హ్యాండిలు మిల్లు వైపు తిప్పి ఉంది. ఇవాళే కాదు, రోజూ చూస్తోంది. చూసిన ప్రతిసారీ గుండె ఒక్కసారి ఎగిరిపడుతుంది, ఆయన పొద చాటుకి వెళ్ళాడు కాబోలు, ఇప్పుడే వచ్చి ఎక్కుతాడు కాబోలు అని. బండి మలుపు తిరిగేదాకా ఆ మాట నిజమే. ఆ కాస్తసేపు కోసమే ఆమె ఇన్నాళ్ళూ నోరు మెదపలేదు. చెప్పేస్తే అది కూడా పోతుంది. ఇంకేం మిగిలింది తనకి?

"సైకిలా!" అన్నాడు సిఫునా. "అప్పటికి సైకిలు నాకు అడ్డం కుండు గారూ. ట్రాక్టరు ఆపిన ఊపులో కాళ్ళు ఆగనంటున్నాయి. మతాతు వెనకపడింది, గాలి వెనకపడింది, నా ముందు పడాల్సిన వాన నా వెనక పడుతోంది. చూడండి, చొక్కా ముందు వైపు పొడి పొడి."

"తడిసి ముద్దయిందిరా," అన్నాడు సితుమా.

"అది చెమట. అలా వంతెన దగ్గరికి వచ్చి, ఎందుకో కిందికి చూద్దును కదా, నా నీడ లేదు."

"ముసురులో నీడెక్కడిది?" అన్నాడు సితుమా.

"మీకు లేదేమో, నాకుంటుంది. వెతికాను, లేదు. అప్పుడర్థమైంది, నేను మరీ ముందొచ్చేశాను, అది వెనకబడిపోయింది. నీడ లేకుండా మనిషి పనికి పోతాడా? సగం మనిషే వచ్చాడని ఈ కుండు గారే సగం హాజరు వేస్తారు. అందుకని వంతెన గోడ మీద కూర్చున్నాను. వస్తుందిలే అని. ఎప్పుడూ వస్తుంది. కాస్త వెనకా ముందూ అవుతుందేమో గానీ, రాకుండా మాత్రం ఉండదు. ఆ గుట్ట ఉంది చూశారూ, అక్కడ దానికి కొంచెం కష్టం. ఎడమ మోకాలు మంచిది కాదు, వానాకాలం మరీ పట్టేస్తుంది. నిదానంగా రానీ, నేనుంటాలే, నాకేం తొందర అని..."

కుర్రాళ్ళు ఇంకా నవ్వుతూనే ఉన్నారు. సిఫునా నవ్వడం లేదు. గొంతులో ఇందాకటి పొంగు లేదు, ఎవరికీ కాకుండా తనకి తనే చెప్పుకుంటున్నట్టుంది. నలియాకా చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ ఎడమ మోకాలికి ఏటా వానాకాలమంతా వేడినీళ్ళ గుడ్డ కాపడం పెట్టింది తనే.

కుండు ఆఖరి గుటక తాగి, గ్లాసు అడుగున ఉన్న ఆకు బురదలోకి విదిలించి లేచాడు. గొడుగు తీసుకున్నాడు. "నీడ కోసం ఆగాడని చెప్పనా లోపల? కడుపుబ్బా నవ్వుతారు, నవ్వి నీ పేరు కొట్టేస్తారు. నేను చెయ్యగలిగింది చేశాను సిఫునా. నీ బతుకుని నీ నోటితో నువ్వే పాడు చేసుకున్నావు. ఇంటికి పో."

"ఆగండి కుండు గారూ," అంది నలియాకా.

బడ్డీలో ఆమె గొంతు అంత గట్టిగా విని చాలా రోజులైంది. అందరూ అటు తిరిగారు.

"నీడ కోసం కాదు. మా ఆయన కోసం ఆగాడు."

"వదినా," అన్నాడు సిఫునా.

"నన్ను చెప్పనీ. నర్సమ్మ లేదు, ట్రాక్టరు లేదు. సైకిలు మిషన్ బడి మలుపులో చెట్టుకి ఆనించి ఉంది. ఎప్పుడూ పెట్టే చోటే పెట్టాడు, మా ఆయన తీసుకుంటాడని. పెట్టి ఎప్పట్లాగే పరిగెత్తాడు. వంతెన దగ్గర సైకిలు ఉండాలి కదా, మా ఆయన వదిలి ఉండాలి. ఎవరు వదులుతారు? అందుకని గోడ మీద కూర్చుని వచ్చిన దారి వైపు చూస్తున్నాడు. నేను బోడా మీద వస్తూ చూశాను. నన్ను చూసి మొహం వాగు వైపు తిప్పుకున్నాడు. ఇంతసేపూ చూసి చూసి, మిగతాది కూడా పరిగెత్తుకొచ్చాడు. ఇదీ ఆలస్యం. రోజూ ఇదే ఆలస్యం."

రేకుల మీద చినుకుల చప్పుడు. సితుమా చేతిలో మందాజీ చేతిలోనే ఉంది.

నలియాకా పొయ్యి దాటి వచ్చి సిఫునా ముందు నిలబడింది. "మరిదీ, ఆయన రాడు."

సిఫునా నోరు తెరిచాడు. ఇంకో నర్సమ్మో, ఇంకో మతాతో వస్తుందేమోనని అందరూ చూశారు. ఏదీ రాలేదు.

"తెలుసు వదినా," అన్నాడు చివరికి. "వాడి మీద మట్టి వేసింది నేనేగా. ఇంట్లో ఉంటే తెలుసు, మిల్లులో ఉంటే తెలుసు. ఆ మలుపు దగ్గరికొచ్చేసరికి కాళ్ళు వాటంతట అవే దిగిపోతాయి. సైకిలు ఆనించి నాలుగడుగులు పరిగెత్తాక గుర్తొస్తుంది. వెనక్కి పోయి తీసుకోవచ్చు, కాదనను. కానీ తీసుకుంటే, వాడు వచ్చేసరికి అక్కడ సైకిలుండదు కదా."

సితుమా తల వంచుకున్నాడు. నలియాకాకి ఏడుపొచ్చింది. దాచుకోలేదు, అలా ఏడుస్తూనే మాట్లాడింది.

"నీకొక్కడికేనా? ఆ సైకిలు చూసినప్పుడల్లా ఆయన వస్తున్నాడనే అనుకుంటున్నాను నేను. ఎంత బావుంటుందో తెలుసా ఆ కాసేపు? తర్వాత రోజంతా చస్తున్నాను. నావల్ల కావడం లేదు మరిదీ. నీ పని పోతే మీ అమ్మ నోట్లో ముద్ద ఎవరు పెడతారు? ఆయనా రాక, నువ్వూ ఇటు రాకపోతే, ఈ గేటు ముందు నేనెవరి మొహం చూసి కూర్చోవాలి? రేపట్నించి దిగకు. కాళ్ళు దిగుతానంటే వాటిని తిట్టు. తిన్నగా తొక్కుకుంటూ వచ్చెయ్."

సిఫునా తలూపాడు.

కుండు గొడుగు విప్పి, సిఫునా నెత్తి మీదికి జరిపాడు. "పంక్చరైందని చెబుతాను. నువ్వు నోరెత్తకు, నా వెనక రా," అన్నాడు. ఇద్దరూ రోడ్డు దాటారు. పెద్ద గేటు పక్కనున్న చిన్న తలుపు తెరుచుకుని, మూసుకుంది. కుర్రాళ్ళు టీ డబ్బులు బల్ల మీద పెట్టి చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయారు.

మర్నాడు కూడా ముసురే. బోడా మిషన్ బడి దగ్గరికి వస్తుంటే నలియాకా చూడకూడదనుకుంది. చూసింది. నీలగిరి చెట్టు తడిసి నిలబడి ఉంది, దాని మొదట్లో గడ్డి, గడ్డిలో నీళ్ళు. ఇంకేమీ లేదు. అడిగింది తనే, అడిగినట్టే జరిగింది, మరి ఎందుకే ఏడుస్తావు అని తనని తనే తిట్టుకుంది. గుట్ట దిగేదాకా, వంతెన దాటేదాకా ఏడుస్తూనే ఉంది. వంతెన గోడ మీద కూడా ఎవరూ లేరు.

బడ్డీ దగ్గరికి వచ్చేసరికి సైకిలు స్టాండు వేసి ఉంది. కూత ఇంకా కూయలేదు. సిఫునా బల్ల మీద కూర్చుని ఉన్నాడు, కాళ్ళకి బురద లేదు, మనిషికి ఆయాసం లేదు. ఆమె పొయ్యి రాజేసి, టీ కాచి, మొదటి గ్లాసు వాడికే ఇచ్చింది. వాడు ఆమె కళ్ళలోకి చూసి తీసుకున్నాడు.

బల్ల రెండో చివర సితుమా కూర్చుని ఉన్నాడు. నిన్నటిదంతా తన నోటివల్లే వచ్చిందని రాత్రంతా కుమిలాడేమో, దగ్గరికి జరిగి సిఫునా వీపు మీద తట్టాడు. "ఏరా, ఇవాళ ముందే వచ్చావే! చెప్పు చెప్పు, ఎన్ని మతాతుల్ని దాటేశావు? చిరుతపులి ఏమైనా తగిలిందా? నేను అడ్డం రాను, ఒట్టు. ఎంత పెద్దదైనా నమ్ముతాను."

సిఫునా టీ ఊదుకున్నాడు.

"ఏం లేదు పెద్దాయనా. సైకిలెక్కాను, వచ్చాను."

"అంతేనా?"

"అంతే," అన్నాడు సిఫునా. "దారిలో ఎవరూ లేరు."